తల ఊడవలసిన బాలయేసు

విరిగిన వస్తువు కంటబడితే అతికించకుండా ఉండలేకపోవడం మా ఆవిడ హేజెల్‌కు పుట్టుకతో వచ్చిన గుణం. డబ్లిన్‌లో మా భోజనాల బల్ల మీద ఇరుగుపొరుగువారి పింగాణీ ఏదో ఒకటి ఎప్పుడూ ఆరుతూనే ఉంటుంది. కళ్ళజోడు మరచిపోయి ఊరికి బయలుదేరిన సందర్భాలు ఆమెకు అనేకం ఉన్నాయి గాని, చేతిసంచిలో జిగురు గొట్టం లేకుండా ఆమె గడప దాటిన రోజు నేను ఎరుగను.

నాకు అటువంటి వ్యసనాలు లేవు. భూముల దస్తావేజుల కార్యాలయంలో పనిచేసి, గౌరవంగా విరమించినవాణ్ణి. నా గురించి గొప్పగా చెప్పుకోదగిన సంగతి ఒక్కటే ఉన్నది. కారు నడపడం నేర్చిన నాటి నుండి నేను దేనినీ తాకలేదు. గోడను గాని, గేటును గాని, గొర్రెను గాని. మరీ ముఖ్యంగా కారును వెనక్కి నడపడంలో నాకు సాటి రాగలవారు మా వీధిలోనే కాదు, మా పేట మొత్తంలో లేరని హేజెల్ తమ్ముడు సైతం ఒప్పుకున్నాడు. అతడు సామాన్యంగా దేనినీ ఒప్పుకునే రకం కాదు.

ఆ వేసవిలో స్లైగో జిల్లాలో, ఆక్స్ కొండల అడుగున, ఒక పాత రైతు ఇంటిని మేము వారం రోజులకు అద్దెకు తీసుకున్నాము. ఇంటివారు మెక్‌గోల్డ్రిక్ కుటుంబం. ముసలావిడ అట్రాక్టా గారు, ఆమె కొడుకు కోల్మన్, అతని కూతురు సోరకా, ముగ్గురూ రోడ్డుకు అవతల కట్టుకున్న కొత్త ఇంట్లో ఉంటున్నారు. మేము చేరేసరికి కోల్మన్ రబ్బరు బూట్లతో గేటు వద్ద నిలబడి ఉన్నాడు.

"తాళాలు ఇటివ్వండి సార్, నేను పెట్టేస్తా," అన్నాడు. "ఈ సందులో మా పాలబండి వాడే రెండుసార్లు ఇరుక్కుపోయాడు. రెండోసారి వాణ్ణి కిటికీలోంచి లాగాం."

"అవసరం లేదు," అన్నాను.

రెండు రాతి స్తంభాల నడుమ నుండి, అటు ఒక బెత్తెడు ఇటు ఒక బెత్తెడు వదలి, ఒక్క ఊపున కారును వెనక్కి తీసుకువెళ్ళి ఇంటి ముందు నిలిపాను. కోల్మన్ టోపీ వెనక్కి నెట్టుకున్నాడు.

"బాబోయ్! మీరు పైలట్‌గా చేశారేంటండీ?"

"దస్తావేజుల కార్యాలయం," అన్నాను.

ఇల్లు మాకు నచ్చింది. వంటగదిలో ఇనుప పొయ్యి వెచ్చగా ఉన్నది. పరుపులు పొడిగా ఉన్నాయి, ఆ ప్రాంతంలో అది చిన్న విషయం కాదు. వంటగది కిటికీ గూట్లో మాత్రం ఒక వింత ఉన్నది. ఎర్రని అంగీ తొడుక్కుని, చేతిలో భూగోళం పట్టుకున్న బాలయేసు ప్లాస్టర్ బొమ్మ అక్కడ నిలబడి ఉన్నది. దానికి తల లేదు. తల పక్కనే, ఉడికిన గుడ్డు నిలబెట్టుకునే చిన్న పింగాణీ కప్పులో, కిరీటంతో సహా కూర్చుని, మా ఫలహారం వైపు చూస్తున్నది. మేము చర్చ్ ఆఫ్ ఐర్లండ్‌కు చెందిన ప్రొటెస్టంటులము. మా ఇళ్ళలో విగ్రహాలు ఉండవు. కనుక దాని సంగతి మాకు తెలియదు. హేజెల్ మాత్రం దానిని చూసిన క్షణం నుండి చేతివేళ్ళు నలుపుకోసాగింది.

"వద్దు," అన్నాను.

"నేనేం అనలేదుగా!"

"అనబోతున్నావు."

ఆ శనివారమే సోరకా పెళ్ళి. విందు మా ఇంటి పక్క పొలంలోనే. సందడికి క్షమించమని కోల్మన్ ముందే చెప్పాడు. విందుకు రమ్మని కూడా పిలిచాడు. మేము వెళ్ళిన మరునాడు తల్లీకొడుకులు ఆ పొలంలో నిలబడి వాదించుకోవడం వంటగదిలోకి స్పష్టంగా వినిపించింది. వినకూడదని నేను కిటికీ మూయబోయాను. హేజెల్ నా చెయ్యి పట్టుకున్నది.

"అమ్మా, ఆఖరిసారి చెప్తున్నా. బాలినా ఊళ్ళో అద్దెకిచ్చే వాళ్ళ దగ్గర షామియానా ఒక్కటే మిగిలింది. మధ్యాహ్నంలోగా ఊ అనకపోతే అదీ పోతుంది."

"పోనీ."

"ఇది స్లైగో అమ్మా, వాన పడని రోజుందా ఇక్కడ! ఊరు ఊరంతా వస్తోందమ్మా! నెత్తిన వాన పడితే ఎక్కడ కూర్చోబెట్టను, ఆవుల కొట్టంలోనా?"

"నా పెళ్ళికి వాన పడిందా?"

"నీ పెళ్ళికి నేను లేనుగా!"

"అందుకే చెప్తున్నా, పడలేదు. నీ పెళ్ళికి పడిందా? మీ చెల్లి పెళ్ళికి పడిందా? అది జనవరిలో చేసుకుంది, అయినా పడలేదు. సోరకా నా ఒళ్ళో కూర్చునే వయసులో అడిగింది, నానమ్మా, ఆకాశం కింద పెళ్ళి భోజనం పెడతావా అని. పెడతానన్నాను. ఇప్పుడు గుడ్డ కింద పెడితే నా మాట ఏం కావాలి?"

కోల్మన్ ఏదో గొణిగి వెళ్ళిపోయాడు. షామియానా చేజారిపోయింది. ఆకాశం మీద ఆవిడకు అంత ధీమా ఎక్కడి నుండి వచ్చినదో ఆవిడ చెప్పలేదు. అది అడిగి తెలుసుకోవలసిన సంగతి అని మాకు తోచలేదు.

మరునాడు తెల్లవారింది మొదలు ఎడతెరిపి లేని వాన. నేను దినపత్రికలోని గళ్ళనుడికట్టు పూర్తిచేసి తలెత్తేసరికి, బాలయేసు తల మెడ మీద ఉన్నది. హేజెల్ దూరం నుండి, దగ్గర నుండి, ఒక కన్ను మూసి చూసుకుంటున్నది.

"ఇంటివాళ్ళను ఒక మాట అడగవలసింది," అన్నాను.

"అడిగితే ఇంకేం బాగుంటుంది? పెళ్ళి ఇల్లు, డెస్మండ్. తల లేని బొమ్మ ఉంచుకుంటారా? చూసి ఎంత సంతోషిస్తారో!"

న్యాయంగా చెప్పవలసి వస్తే, పని అత్యుత్తమంగా కుదిరింది. అతుకు ఎక్కడ ఉన్నదో వేలితో తడిమినా తెలియలేదు.

శుక్రవారం సాయంత్రం, ఎండ ఇంకా కొండల మీద నిలిచి ఉండగానే, ముగ్గురూ వచ్చారు. అట్రాక్టా గారు ముందు, చేతికర్రతో. నేరుగా కిటికీ వద్దకు వెళ్ళారు. బొమ్మను చూశారు. గుడ్డు కప్పును చూశారు. అది ఖాళీగా ఉన్నది. మళ్ళీ బొమ్మను చూసి, దగ్గరలో ఉన్న కుర్చీలో కూలబడ్డారు.

"ఎవరు?" అన్నారు.

"నేనేనండీ," అన్నది హేజెల్ వెలిగిపోతూ. "బాగా కుదిరింది కదూ?"

"నానమ్మా, ఊపిరి తీసుకో," అన్నది సోరకా.

"తీసుకుంటున్నా. తీసుకున్నది పోవట్లేదు."

అప్పుడు కోల్మన్ మాకు విషయం చెప్పాడు, ఇంత వయసు వచ్చినవారికి ఇది చెప్పవలసి వచ్చిందే అన్న ధోరణిలో. పెళ్ళికి ముందురోజు బాలయేసును ఇంటి బయట కంచె కింద పెడితే మరునాడు వాన పడదు. ఇది అందరూ చేసేదే. కాని తల ఊడిన బాలయేసు అయితే ఇక ఢోకా ఉండదు. ఈ బొమ్మ తల అట్రాక్టా గారి పెళ్ళినాటి ఉదయం ఊడింది. కోడిపెట్ట ఒకటి కిటికీలోకి ఎగిరి తన్నేసింది. అది మొదలు ఆ ఇంటి పెళ్ళిలో ఎవరి పాదమూ తడవలేదు.

హేజెల్ ముఖం పాలిపోయింది. "అయ్యయ్యో! ఇలా ఇవ్వండి, ఇప్పుడే మళ్ళీ విరిచేస్తా!"

"వద్దు!" అని ముగ్గురూ ఒక్కసారి అరిచారు.

"కావాలని విరిస్తే అంతే సంగతులు," అన్నది సోరకా. "దానంతటది ఊడాలండీ. మా స్నేహితురాలు సుత్తితో కొట్టింది. పెళ్ళిలో కేకు కొట్టుకుపోయింది."

నేను జోక్యం చేసుకోవడం సముచితమనిపించింది. "ఒకసారి దానంతటది ఊడినదే కదా. ఆ ఊడడం ఇప్పటికీ చెల్లుతుందని వాదించవచ్చును."

అట్రాక్టా గారు నా వైపు తిరిగారు. "మీరు దస్తావేజుల ఆఫీసుగా టాకబెర్రీ గారూ? రద్దు చేసిన కాగితం చెల్లుతుందా?"

నేను జోక్యాన్ని విరమించుకున్నాను.

కోల్మన్ బయటకు వెళ్ళి, ఊరి చర్చి పాదిరి ఫాదర్ ఫ్లన్నరీకి ఫోను చేసి వచ్చాడు. "ఈ విషయంలో చర్చికి ఏ అభిప్రాయమూ లేదట. ఆయన సొంత చెల్లెలి పెళ్ళికి మాత్రం తల లేనిదే పెట్టారట."

 తరువాత కోల్మన్ గొంతు తగ్గించాడు. "మనం పగలగొట్టకూడదు. ఒప్పుకున్నా. కానీ జాగ్రత్తగా ఉండి తీరాలని ఎక్కడైనా ఉందా?"

అలా అని బొమ్మను కుంటి స్టూలు మీద, తమ వెంట వచ్చిన కుక్క తోక అందేంత దూరంలో నిలబెట్టాడు. కుక్క దానిని వాసన చూసి, గౌరవంగా తోక మడుచుకుని వెళ్ళిపోయింది.

"ఆ స్టూలు నువ్వు కావాలనే పెట్టావు," అన్నారు అట్రాక్టా గారు. "పైనున్నాయన గుడ్డివాడు కాడు."

"అయితే ఏమీ తెలియనివాడు పడెయ్యాలి," అన్నది సోరకా. ఆ మాట అన్నాక తన నోరు తానే మూసుకున్నది. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఫెస్టస్," అన్నాడు కోల్మన్.

ఫెస్టస్ అట్రాక్టా గారి అన్న కొడుకు. నడివయసు బ్రహ్మచారి, ఆరడుగుల పైన ఉంటాడు. అతని చేతికి ఇచ్చిన కప్పు పిడితో తిరిగి వచ్చినట్టు ఆ ఊరిలో ఎవరికీ జ్ఞాపకం లేదట. ఈస్టరు నాడు చర్చిలో ఒక్క కొవ్వొత్తి వెలిగించబోయి, పాటలు పాడేవారిని బల్లతో సహా పడగొట్టాడట. అతనికి ఏమీ చెప్పకూడదని నిర్ణయమైంది. పిలిచిన వెంటనే వచ్చాడు. వాకిట్లో బూట్లు తుడుచుకునే ఇనుప పట్టీ అతని కాలి కింద రెండు ముక్కలైంది. కోల్మన్ ఆశగా కన్ను గీటాడు.

"నాయనా ఫెస్టస్," అన్నారు అట్రాక్టా గారు, తేనె పూసినట్లు. "ఈ బాలయేసును గేటు పక్క కంచె కింద పెట్టి రా. తొందరగా వెళ్ళు. పరిగెత్తు."

"బాలయేసునా అత్తా? నాకా ఇస్తున్నావు?" అతని కళ్ళు పెద్దవయ్యాయి. కోటు విప్పి, బొమ్మను పసిబిడ్డలా చుట్టి, ఒక్కొక్క అడుగే వేస్తూ బయలుదేరాడు.

"పరిగెత్తమన్నానా!"

"ఎలా పరిగెత్తనత్తా, చేతిలో ఎవరున్నారో చూడు!"

మేమందరం కిటికీ వద్ద గుమిగూడాము. కుక్క అడ్డం వచ్చింది. దాని మీదుగా సుతారంగా అడుగు వేశాడు. గేటు వద్ద పాచిపట్టిన రాయి మీద కాలు జారింది. సోరకా నా మోచేయి నొక్కింది. ఫెస్టస్ రెండు కాళ్ళూ గాలిలోకి లేచాయి. వెల్లకిలా, ఊరంతా అదిరేటట్టు పడ్డాడు. కాని అతని రెండు చేతులూ నిటారుగా ఆకాశంలోకి నిలిచి ఉన్నాయి. వాటిలో బాలయేసు, తలతో సహా.

"ఏం కాలేదత్తా!" అని నేల మీద నుండి విజయోత్సాహంతో కేక వేశాడు. "ఒక్క గీత పడలేదు!"

"ఒక్క పనైనా సరిగ్గా పాడు చేసి ఏడవలేవురా నువ్వు!" అన్నారు అట్రాక్టా గారు.

ఫెస్టస్ లేచి, బొమ్మను కంచె కింద పెట్టి, కుంటుకుంటూ లోపలికి వచ్చాడు. "నా జన్మకి మొదటిసారి ఒక వస్తువు పగలకుండా మోశాను. ఒక్కళ్ళూ బాగుందిరా అనరేం?"

కోల్మన్ అతని భుజం తట్టాడు. "బాగుంది బావా. చాలా బాగుంది. ఇవాళే ఎందుకు బాగుందో అదే అర్థం కావట్లేదు."

హేజెల్ జాలిపడి అతనికి టీ ఇచ్చింది. పిడి ఊడి అతని చేతిలోకి వచ్చింది. ఆమె చెయ్యి చేతిసంచి వైపు వెళ్ళడం గమనించి, జిగురు గొట్టాన్ని నేను ముందే నా జేబులో వేసుకున్నాను.

వెళ్ళేటప్పుడు సోరకా నానమ్మ భుజం చుట్టూ చెయ్యి వేసింది. "వానొస్తే తడుస్తాం. ఏమవుతుంది నానమ్మా?"

"నువ్వు తడిస్తే ఆరతావు తల్లీ," అన్నారు ఆవిడ. "నా మాట తడిస్తే ఆరదు."

పెళ్ళినాటి ఉదయం ఆక్స్ కొండలు కనిపించలేదు. వాటి స్థానంలో ఒక నల్లని మబ్బు కూర్చుని ఉన్నది. సన్నని జల్లు మొదలైంది. పొలంలో బల్లలు, కుర్చీలు వరుసలు తీర్చి ఉన్నాయి. చర్చికి బయలుదేరవలసిన చుట్టాలు గొడుగులతో వాటి మధ్య నిలబడి, ఎవరూ పైకి చూడకుండా మాట్లాడుకుంటున్నారు. అట్రాక్టా గారు ఈక గుచ్చిన కొత్త టోపీ పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వాకిట్లో ఉన్నారు. అంతలో వంటవారి బండి వచ్చి గేటు వద్ద ఆగింది. అది లోపలికి రావాలంటే మా కారు ఇంకా వెనక్కి, పశువుల కొట్టం దాకా జరగాలి.

"తాళాలివ్వండి సార్, నేను తీస్తా," అన్నాడు కోల్మన్.

"అవసరం లేదు," అన్నాను.

చుట్టాలందరూ చూస్తున్నారు. నేను కూర్చుని, అద్దం సరిచేసుకుని, వెనక్కి నడిపాను. వెనుక నుండి హేజెల్ "రా, రా, ఇంకా రా" అని చెయ్యి ఊపుతున్నది. ఆ చెయ్యి ఊపడంలో ఆమె నేల వైపు చూడలేదు. నేను ఆమె చేతిని తప్ప మరి దేనినీ చూడలేదు. చక్రం కింద అప్పడం నలిగినట్లు ఒక చప్పుడు వినిపించింది.

కారు దిగేసరికి ఫెస్టస్ పరిగెత్తుకు వస్తున్నాడు. "అక్కడున్నాడండీ! ఆగండి! పాపం తడుస్తున్నాడని పొద్దున్నే కంచె దగ్గర్నుంచి తెచ్చి మీ కారు కింద పెట్టాను! వెనక చక్రానికి వెనకాలే, చినుకు తగలకుండా!"

చక్రం కింద ఎర్రని ముక్కలు, తెల్లని పొడి. కొంచెం దూరంలో గడ్డి మీద తల. కిరీటం చెక్కుచెదరలేదు. హేజెల్ వంగి పరీక్షగా చూసింది.

"చూశావా డెస్మండ్," అన్నది నా చెవిలో, "నా అతుకు ఊడలేదు. దాని కింద విరిగింది."

 ముందుగా తేరుకున్నది కోల్మన్. వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"సార్! ఈ సందులో ఒక్క దెబ్బకి వెనక్కి పెట్టిన చేతులివి! మీకు తెలియకుండా చక్రం ఎక్కుతుందా? మా పిల్ల కోసం తెలిసే చేశారు! ఎంత పెద్ద మనసండీ మీది!"

చుట్టాలలో ఎవరో చప్పట్లు కొట్టారు. మిగిలినవారు అందుకున్నారు. ఆ చప్పట్లు నాకు అప్రియంగా లేవు. ఇటువంటి నేర్పుకు ఇటువంటి గుర్తింపు ఆలస్యంగానైనా రావలసినదే అని తోచిన మాట నిజం. అప్పుడు అట్రాక్టా గారి ముఖం నా కంటబడింది. టోపీ మీది ఈక వణుకుతున్నది.

"టాకబెర్రీ గారూ," అన్నారు. "కావాలని చేశారా?"

చప్పట్లు ఆగిపోయాయి. కావాలని చేసి ఉంటే తల ఊడినా లెక్కలోకి రాదు. ఆవిడ మాట, ఆ పొలం, అందులోని బల్లలన్నీ నా జవాబు కోసం చూస్తున్నాయి. నిజం ఒక్కటే ఉన్నది. అది ఇంతవరకు నా నోటి వెంట రావలసిన అవసరం ఎన్నడూ పడని నిజం.

"లేదమ్మా," అన్నాను. "నేను కింద చూడలేదు."

"గట్టిగా చెప్పండి. వెనకవాళ్ళకి వినపడలేదు."

"చూడలేదు."

"ఊరుకోండి సార్," అన్నాడు కోల్మన్ ఆప్యాయంగా, "ఎంత వినయమో చూడండి ఆయనకి!"

"వినయం కాదు!" అని నేను అరిచాను. నేను అరవడం హేజెల్ కూడా అంతకుముందు వినలేదు. "నాకు కారు వెనక్కి నడపడం రాదు!"

పొలమంతా విన్నది. వంటవారి బండిలోని వారు తలలు బయటపెట్టి విన్నారు. కొట్టంలో ఒక ఆవు సమాధానం చెప్పింది.

అట్రాక్టా గారు నెమ్మదిగా వచ్చి, గడ్డి మీది తలను తీసి, చేతి రుమాలుతో తుడిచి, ముద్దు పెట్టుకున్నారు. "వెళ్ళి ఆ గుడ్డు కప్పు పట్టుకు రండి," అన్నారు. తరువాత నా చెంప మీద చిన్నగా తట్టారు. "దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. ఎంత చేతకాని డ్రైవరు నాయనా మీరు!"

"నేనే కదత్తా అక్కడ పెట్టింది?" అన్నాడు ఫెస్టస్ భయపడుతూ.

"నువ్వే. బాగుందిరా," అన్నారు ఆవిడ. ఫెస్టస్ వెళ్ళి కొట్టం గోడకు ఆనుకుని ఏడ్చాడు. గోడ నిలిచింది.

వధూవరులు చర్చి నుండి వచ్చేసరికి జల్లు ఆగింది. నల్లని మబ్బు సాయంత్రం వరకు కొండ మీదనే కూర్చుని, ఒక్క అడుగు ముందుకు వేయలేదు. అవతల టబర్‌కరీలో సంత అంతా కొట్టుకుపోయిందని పాలబండి వాడు వచ్చి చెప్పాడు. సోరకా పెళ్ళి భోజనం ఆకాశం కింద జరిగింది. పెద్ద బల్ల మధ్యలో, గుడ్డు కప్పులో, కిరీటంతో బాలయేసు కూర్చుని పందిమాంసం ముక్కల వైపు చూస్తున్నాడు. మధ్యాహ్నానికి తెరిపి ఇస్తుందని ముందు రాత్రి వార్తలలో చెప్పారని నేను కొందరికి విశదపరచబోయాను. వారు నా వైపు జాలిగా చూసి, ఇంటికి వెళ్ళేటప్పుడు కారు ఎవరు నడుపుతారని అడిగారు.

నాట్యం మొదలైనప్పుడు హేజెల్ ఫెస్టస్‌తో కలిసి వెళ్ళి ఒక మడమ ఊడిన జోళ్ళతో తిరిగి వచ్చింది. జిగురు అడిగింది. ఇచ్చాను.

పొద్దు వాలే వేళకు ఆకుపచ్చని టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ నా పక్క కుర్చీలో వచ్చి కూర్చున్నది.

"మాది ఆ కొండ అవతలండీ. సెప్టెంబరులో మా అమ్మాయి పెళ్ళి. మా ఇంటి పక్కన పాత ఇల్లు ఒకటి ఖాళీగా ఉంది, మీరిద్దరూ వచ్చి వారం ఉండండి. మా బాలయేసు తల ఎంతకీ ఊడట్లేదు. కారు మాత్రం మర్చిపోకుండా తెచ్చుకోండి."

"అమ్మా," అన్నాను, సాధ్యమైనంత హుందాగా, "నన్ను పిలిపించి చేయిస్తే అది కావాలని చేసినట్లు అవుతుంది కదా."

"అయ్యో, మీరేం చెయ్యక్కర్లేదండీ," అన్నది ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసి. "మామూలుగా నడపండి, చాలు."